55 వేలలో బీటెక్ చదువుకి ల్యాప్‌టాప్: బ్యాటరీ, వైఫై దగ్గర ఏం చూడాలి?

కోనసీమ_అన్న (ప్రశ్న)

నమస్తే అండీ. మా చెల్లి ఈ ఏడాది కాకినాడలో బీటెక్ సీఎస్ఈలో చేరింది. హాస్టల్లో ఉంటుంది. ల్యాప్‌టాప్ కొనాలి, బడ్జెట్ 55 వేలు. మరీ అవసరమైతే ఇంకో రెండు వేలు కలుపుతాను.

వాడకం ఇదీ: పైథాన్, జావా, సీ. రెండో ఏడాది నుంచి ఆండ్రాయిడ్ స్టూడియో ఉంటుందంటున్నారు. గేమ్స్ లేవు. క్లాసులో ప్లగ్ పాయింట్ దొరకదు కాబట్టి ఉదయం 9 నుంచి సాయంత్రం నాలుగున్నర దాకా చార్జర్ లేకుండా గడవాలి. అందులో నికరంగా వాడేది నాలుగైదు గంటలు. హాస్టల్లో అంతస్తుకి ఒకే రూటర్, రాత్రి అందరూ ఒకేసారి ఎక్కుతారు. నెట్ రాకపోతే ఫోన్ హాట్‌స్పాటే దిక్కు.

ఇప్పటికి చూసినవి నాలుగు:

1. ఐ5-12450హెచ్, 8 జీబీ ర్యామ్, 512 ఎస్ఎస్‌డీ, 42 వాట్ అవర్ బ్యాటరీ. 49,990.
2. రైజెన్ 5 7520యూ, 8 జీబీ, 512, 42 వాట్ అవర్. 41,990.
3. రైజెన్ 5 7530యూ, 16 జీబీ, 512, 50 వాట్ అవర్. 54,490.
4. సెకండ్ హ్యాండ్ ఆఫీసు ల్యాప్‌టాప్, ఐ5-1145జీ7, 16 జీబీ, 256. షాపు వాళ్లు 29 వేలు చెబుతున్నారు.

మొదటిదానికి 10 గంటలు వస్తుందని పెట్టె మీదే ఉంది. మూడోదానికీ దాదాపు అంతే రాశారు. ఏది నమ్మాలి? వైఫై 5, వైఫై 6 తేడా హాస్టల్లో తెలుస్తుందా? పెద్దలు చెప్పగలరు.

---

వాట్_అవర్

గంటల లెక్క పక్కన పెట్టేయండి. కంపెనీ చెప్పే గంటలు సాధారణంగా వెలుతురు తగ్గించి, వైఫై ఆపి, ఒకే వీడియో తిప్పుతూ తీసినవి. మీ చెల్లి అలా వాడదు. నమ్మదగిన అంకె ఒక్కటే, వాట్ అవర్, అంటే బ్యాటరీలో పట్టే కరెంటు. దాన్ని ల్యాప్‌టాప్ గంటకు తాగే వాట్లతో భాగిస్తే గంటలు వస్తాయి.

15.6 అంగుళాల స్క్రీను, వెలుతురు 60 శాతం, వైఫై ఆన్, బ్రౌజర్లో పది ట్యాబులు, పక్కన కోడ్ ఎడిటర్. ఈ పనికి యూ అక్షరంతో ముగిసే ప్రాసెసర్ ఉన్నవి సుమారు 6 నుంచి 8 వాట్లు తీసుకుంటాయి. హెచ్ అక్షరంవి 9 నుంచి 11 దాకా పోతాయి. చివరి ఐదారు శాతం దగ్గర విండోస్ దానంతటదే ఆపేస్తుంది కాబట్టి 42లో చేతికొచ్చేది 39, 50లో 47 అనుకోండి.

మొదటిది: 39ని 10తో భాగిస్తే నాలుగు గంటల లోపు.
మూడోది: 47ని 7తో భాగిస్తే ఆరున్నర పైనే.

ఇది కొత్త బ్యాటరీ లెక్క. రోజూ చార్జింగ్ పెట్టే బ్యాటరీ రెండేళ్లకి 80 శాతం దగ్గరికి దిగడం మామూలే. అప్పుడు మొదటిది మూడు గంటలకే చేతులెత్తేస్తుంది, మూడోది ఐదు గంటలు లాగుతుంది. చదువు నాలుగేళ్లు కాబట్టి కొనే రోజు లెక్క కన్నా మూడో ఏడాది లెక్కే ముఖ్యం.

హెచ్ గురించి ఒక మాట. ఖాళీగా ఉన్నప్పుడు దానికీ యూకీ తేడా తక్కువే. పేజీ తెరిచినప్పుడు, ప్రోగ్రామ్ కంపైల్ చేసినప్పుడు తేడా బయటపడుతుంది. ఐ5-12450హెచ్ 45 వాట్ల తరగతి చిప్, క్షణకాలం 95 వాట్ల దాకా ఎగబాకే వీలుంది. 7530యూ 15 వాట్ల తరగతి. ఎమ్యులేటర్ (యాప్ పరీక్షించడానికి ల్యాప్‌టాప్‌లోనే నడిచే ఉత్తుత్తి ఫోన్) నడిపితే ఏ ల్యాప్‌టాప్ అయినా 25-30 వాట్లు లాగుతుంది, గంటన్నరలో ఖాళీ. కాబట్టి ఆండ్రాయిడ్ స్టూడియో పని రూములో ప్లగ్ దగ్గర పెట్టుకోమనండి. లేదా ఎమ్యులేటర్ బదులు తన ఫోన్‌నే యూఎస్‌బీతో కలిపి అందులో యాప్ నడపమనండి. బ్యాటరీ మిగులుతుంది, ర్యామ్ కూడా మిగులుతుంది.

రెండోది వద్దు. 7520యూ పేరు చూస్తే 7530యూకి తమ్ముడిలా ఉంటుంది, లోపల సంబంధం లేదు. ఆ వరసలో మూడో అంకె ఏ తరం కోర్ అన్నది చెబుతుంది. 7520లో 2 అంటే జెన్ 2, నాలుగు కోర్లు. 7530లో 3 అంటే జెన్ 3, ఆరు కోర్లు. పైగా 7520యూ ల్యాప్‌టాపుల్లో ర్యామ్ బోర్డుకి అతికించేసి ఉంటుంది. 8 జీబీతో కొంటే చివరిదాకా 8 జీబీనే.

ఇంకొకటి తప్పకుండా అడగండి: టైప్-సీ పోర్టుతో చార్జింగ్ అవుతుందా? పోర్టు ఉన్నంత మాత్రాన చార్జ్ అవ్వదు. పోర్టు పక్కన చిన్న బ్యాటరీ గుర్తో, పీడీ అన్న అక్షరాలో ఉంటే అవుతుంది. లేకపోతే స్పెక్ షీట్‌లో పవర్ డెలివరీ అని వెతకండి. ఇది ఉంటే 65 వాట్ల పవర్ బ్యాంక్ ఒకటి సంచిలో పెట్టుకోవచ్చు. 20,000 ఎంఏహెచ్ అంటే 3.7 వోల్టుల దగ్గర 74 వాట్ అవర్. మార్పిడిలో పోయింది పోగా 60 దాకా ల్యాప్‌టాప్‌కి చేరుతుంది, అంటే ఇంచుమించు ఇంకో పూర్తి చార్జ్. ఫోన్ల కోసం అమ్మే 22.5 వాట్ల పవర్ బ్యాంకులు దీనికి పనికిరావు. ల్యాప్‌టాప్‌కి 20 వోల్టులు కావాలి, అవి అంత ఇవ్వలేవు. తగిలిస్తే స్లో చార్జర్ అని చూపిస్తుంది, లేదా అసలు పట్టించుకోదు.

---

రెండు_యాంటెన్నాలు

బ్యాటరీ సంగతి పై అన్న చక్కగా చెప్పారు. నేను వైఫై చెబుతాను. ఈ ధరలో కంపెనీలు నిశ్శబ్దంగా కోత పెట్టేది ఇక్కడే.

వైఫై 5నా 6నా అన్నది రెండో ప్రశ్న. మొదటి ప్రశ్న యాంటెన్నాలు ఎన్ని అన్నది. స్పెక్ షీట్‌లో 1×1 అనో 2×2 అనో ఉంటుంది. 1×1 అంటే ఒకే దారి, 2×2 అంటే రెండు. 5 గిగాహెర్ట్జ్ (2.4 కన్నా వేగమైన వైఫై బ్యాండ్) మీద, 80 మెగాహెర్ట్జ్ వెడల్పులో గరిష్ఠ లింక్ స్పీడ్ ఇలా ఉంటుంది:

వైఫై 5, 1×1: 433 ఎంబీపీఎస్
వైఫై 5, 2×2: 866
వైఫై 6, 1×1: 600
వైఫై 6, 2×2: 1201

చేతికొచ్చే వేగం ఇందులో సగం, ఒక్కోసారి అంతకన్నా తక్కువ. హాస్టల్లో నెట్ కనెక్షనే వంద ఎంబీపీఎస్ ఉండొచ్చు, మరి 433 చాలదా అని అడగొచ్చు. రూటర్ పక్కన కూర్చుంటే చాలు. రెండు గోడల అవతల, వరండా చివరి గదిలో తేడా తెలుస్తుంది. రెండు యాంటెన్నాలున్నప్పుడు ఒకదానికి సిగ్నల్ సరిగ్గా అందకపోయినా రెండోది పట్టుకుంటుంది. ఒకటే ఉంటే మూత కొంచెం వంచినా, చెయ్యి అడ్డొచ్చినా పడిపోతుంది. యాంటెన్నాలు స్క్రీను పైఅంచులోనో, కీబోర్డు పక్కనో దాగి ఉంటాయి. అందుకే ఒకే గదిలో ఫోన్‌లో నెట్ వస్తూ ల్యాప్‌టాప్‌లో ఆడకపోవడం జరుగుతుంది.

పేరు చూసి మోసపోవద్దు. కొన్ని చవక మోడళ్లలో వైఫై 6ఈ (6 గిగాహెర్ట్జ్ బ్యాండ్ కూడా పట్టుకునే వైఫై 6) అని పెద్దగా రాసి పక్కన చిన్నగా 1*1 అని ఉంటుంది. మీ చెల్లి అవసరానికి అలాంటి 6ఈ కన్నా 2×2 ఉన్న మామూలు వైఫై 6 మేలు. 6 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌ని లైసెన్స్ లేకుండా వాడుకోనిచ్చే ముసాయిదా నియమాలు మన దేశంలో 2025 మేలో వచ్చాయి. ఆ బ్యాండ్ పనికి రావాలంటే రూటర్ కూడా 6ఈ అయ్యుండాలి, హాస్టల్లో ఎన్నేళ్లకి పెడతారో. దానికోసం ఒక్క రూపాయి ఎక్కువ పెట్టొద్దు.

వైఫై 6 వల్ల లాభం ఎక్కడంటే జనం ఎక్కువున్న చోట. ఒకే విడతలో రూటర్ చాలామందికి కొంచెం కొంచెం పంచగలదు. రూటర్ వైఫై 6 కాకపోతే ఆ లాభం రాదు, కార్డు వైఫై 5 లాగే పని చేస్తుంది.

షాపులోనే చూసుకునే పద్ధతి: డెమో పీసులో కమాండ్ ప్రాంప్ట్ తెరవండి. నెట్ఎస్‌హెచ్, డబ్ల్యూఎల్ఏఎన్, షో, వైర్‌లెస్‌కేపబిలిటీస్ అని నాలుగు పదాలు ఇంగ్లీషులో, మధ్యలో ఖాళీలు వదిలి కొట్టండి. వచ్చిన జాబితాలో స్పేషియల్ స్ట్రీమ్స్ అన్న వరసలు వెతకండి. పంపేవైపు, అందుకునేవైపు రెండింటికీ 2 ఉంటే 2×2. షాపు వాళ్లు ఒప్పుకోకపోతే డివైస్ మేనేజర్లో నెట్‌వర్క్ అడాప్టర్స్ కింద కార్డు పేరు చూసి వెతకండి. ఇంటెల్ ఏఎక్స్201, ఏఎక్స్210, ఏఎక్స్211, రియల్‌టెక్ 8852బీఈ, మీడియాటెక్ 7921 ఇవన్నీ 2×2. రియల్‌టెక్ 8821సీఈ కనిపిస్తే అది వైఫై 5, 1×1. లైనక్స్ వేసే ఆలోచన ఉన్నవాళ్లకి ఆ 8821సీఈ డ్రైవర్ తలనొప్పి కూడా. సీఎస్ఈ పిల్లలు ఎప్పుడో ఒకప్పుడు ఉబుంటు వేస్తారు కాబట్టి చెబుతున్నాను. ఇంటెల్ కార్డులకి ఆ బాధ ఉండదు.

కార్డు తర్వాత మార్చుకోవచ్చు కదా అంటే, మార్చొచ్చు, రెండు షరతులతో. చాలా ల్యాప్‌టాపుల్లో అది ఎం.2 2230 సైజు చిన్న కార్డు, ఒకే స్క్రూ. ఏఎక్స్210 ఏ ప్రాసెసర్‌తోనైనా పని చేస్తుంది. ఏఎక్స్201, ఏఎక్స్211 మాత్రం ఇంటెల్ ప్రాసెసర్ ఉన్న బోర్డుల్లోనే, అదీ ఆ కార్డులకి తగ్గ స్లాట్ ఉన్నవాటిలోనే. రైజెన్‌లో పెడితే కార్డు ఉన్నట్టే తెలియదు. రెండో షరతు ఇంకా ముఖ్యం: 1×1 కార్డుతో వచ్చిన మోడల్లో కొన్నిసార్లు లోపల యాంటెన్నా వైరు కూడా ఒకటే వేస్తారు. అలాంటిదానిలో 2×2 కార్డు పెట్టి లాభం లేదు. వెనక పలక తీసినప్పుడు నలుపు, తెలుపు రెండు వైర్లు కనిపిస్తేనే ముందుకెళ్లండి. మొదట బ్యాటరీ కనెక్టర్ ఊడదీయాలి. యాంటెన్నా కనెక్టర్లు కందిగింజ కన్నా చిన్నవి. నిట్టనిలువుగా పెట్టి గోటితో నొక్కితే టిక్కుమంటుంది. ఏటవాలుగా నొక్కితే లోపలి సూది వంగి ఆ వైరు పనికిరాకుండా పోతుంది. వారంటీలో ఉన్నదాన్ని సర్వీస్ సెంటర్ వాళ్లని అడక్కుండా విప్పొద్దు.

ఇక హాస్టల్లో చేసుకోవాల్సినవి. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదానిమీద ఒకటి పడని చానళ్లు మూడే: 1, 6, 11. అన్ని అంతస్తుల రూటర్లూ, పక్క బిల్డింగువీ ఆ మూడింటి మీదే కొట్టుకుంటాయి. బ్లూటూత్ కూడా అక్కడే. చెవిలో బ్లూటూత్ పెట్టుకుని క్లాసు వింటుంటే మాట తెగుతోందంటే కారణం చాలాసార్లు ఇదే. డివైస్ మేనేజర్లో కార్డు ప్రాపర్టీస్, అడ్వాన్స్‌డ్, ప్రిఫర్డ్ బ్యాండ్ దగ్గర 5 గిగాహెర్ట్జ్ ఎంచుకోండి. ఫోన్ హాట్‌స్పాట్ కూడా 5కి మార్చండి. ఐఫోన్ అయితే మ్యాగ్జిమైజ్ కంపాటిబిలిటీ అన్నది ఆపేయాలి, అది ఆన్‌లో ఉంటే 2.4కి దిగిపోతుంది. హాట్‌స్పాట్ నెట్‌వర్క్‌ని విండోస్‌లో మీటర్డ్ కనెక్షన్‌గా పెట్టడం మరిచిపోవద్దు. లేదంటే విండోస్ అప్‌డేట్ ఒక్క పూటలో రోజు డేటా మొత్తం మింగేస్తుంది.

---

గోదారి_కోడర్

నా ఓటు మొదటిదానికి. 12450హెచ్ కంపైలింగ్‌లో 7530యూని దాటుతుంది, నాలుగేళ్ల తర్వాత కూడా నెమ్మదించదు. ఆ మోడళ్లలో చాలావాటికి ర్యామ్ స్లాట్ ఖాళీగా ఉంటుంది, ఇంకో 8 వేసుకుంటే సరిపోతుంది. ధర కూడా నాలుగున్నర వేలు తక్కువ.

---

వాట్_అవర్

ప్లగ్ పక్కన కూర్చుని వాడేవాళ్లకి మీరు చెప్పింది నిజమే అండీ. ఈ అమ్మాయికి ప్లగ్ దొరకదు, అదే మొదటి వాక్యాల్లో ఉంది. బీటెక్ మొదటి రెండేళ్ల ప్రోగ్రాములు రెండు చిప్‌ల మీదా రెప్పపాటులో నడుస్తాయి.

ఇక ర్యామ్ ధర. 2025 చివరి నుంచి మెమరీ చిప్‌లన్నీ డేటా సెంటర్ల వైపు మళ్లడంతో విడిగా కొనే ర్యామ్ బాగా పెరిగింది. ఇప్పుడు 8 జీబీ స్టిక్ కొంటే ఆ నాలుగున్నర వేల తేడా మిగలదు. ముందే 16తో వచ్చేది కొనడమే లాభం.

---

కోనసీమ_అన్న

అందరికీ ధన్యవాదాలు. రెండోది తీసేశాను. సెకండ్ హ్యాండ్ సంగతి ఎవరూ చెప్పలేదు. 29 వేలకి 16 జీబీ అంటే సగం ధర కదా, ఆశగా ఉంది. ఏం చూసి తీసుకోవాలి? అలాగే యాపిల్ ఎం1 ఎయిర్ పాతది కూడా ఈ ధరలో వస్తోంది, అది ఎలా ఉంటుంది?

---

రిపేరు_బల్ల

ఆఫీసుల నుంచి వచ్చే ల్యాప్‌టాపులు కట్టుబడిలో గట్టివి. 11వ తరం ఐ5 బాగుంటుంది, వైఫై కూడా చాలావాటిలో ఇంటెల్ 2×2 కార్డే ఉంటుంది. చెడ్డదంతా బ్యాటరీలోనూ, పాత యజమాని వదిలిన తాళాల్లోనూ ఉంటుంది. డబ్బులిచ్చే ముందు ఈ పనులు షాపులోనే చేయండి.

మూత మూసి బల్ల మీద చదునుగా పెట్టండి. ఊగితే, లేదా టచ్‌ప్యాడ్ నొక్కినప్పుడు గట్టిగా, బిగిసినట్టు ఉంటే కింద బ్యాటరీ ఉబ్బింది. వెంటనే వదిలేయండి.

ఆన్ చేయగానే ఎఫ్2 గానీ, ఎఫ్10 గానీ, ఎఫ్1 గానీ కొట్టి బయోస్‌లోకి (విండోస్ కన్నా ముందు వచ్చే సెట్టింగుల తెర) వెళ్లండి. పాస్‌వర్డ్ అడిగితే తీసుకోవద్దు. ఆఫీసు మెషీన్లలో అది తీయడం బోర్డు పని దాకా పోతుంది. తర్వాత విండోస్‌ని రీసెట్ చేయించి, వైఫై కలిపి మొదటి నుంచి సెటప్ చేయించండి. నెట్ లేకుండా సెటప్ చేసి చూపిస్తే ఒప్పుకోవద్దు. పాత కంపెనీ రిజిస్ట్రేషన్ ఇంకా ఉంటే నెట్ తగలగానే ఆ కంపెనీ పేరుతో లాగిన్ అడుగుతుంది.

ఇక బ్యాటరీ. కమాండ్ ప్రాంప్ట్‌లో పవర్‌సీఎఫ్‌జీ, ఖాళీ, స్లాష్, దానికి ఆనుకుని బ్యాటరీరిపోర్ట్ ఒకే పదంగా కొట్టండి. ఒక ఫైలు తయారై ఎక్కడ పెట్టిందో చూపిస్తుంది. అందులో డిజైన్ కెపాసిటీ, ఫుల్ చార్జ్ కెపాసిటీ అని రెండు అంకెలుంటాయి. 50,000కి 38,000 చూపిస్తే 76 శాతం మిగిలినట్టు. 75 కన్నా తక్కువుంటే కొత్త బ్యాటరీ ఖర్చు ధరలో తగ్గించమనండి. ఒరిజినల్ బ్యాటరీ మూడు నాలుగు వేలు అవుతుంది.

ఆ అంకెని మాత్రమే నమ్మొద్దు. షాపుల్లో వేసే నకిలీ బ్యాటరీ తన గురించి తానే అబద్ధం చెబుతుంది, నూటికి నూరు చూపిస్తుంది. కాబట్టి ఫుల్ చార్జ్ నుంచి చార్జర్ తీసేసి, వెలుతురు పూర్తిగా పెంచి, అరగంట యూట్యూబ్ నడపండి. అప్పుడు సుమారు 12 వాట్లు లాగుతుంది, అరగంటకి 6 వాట్ అవర్. 50 వాట్ అవర్ బ్యాటరీ అయితే 12 శాతం దిగాలి. 25 శాతం దిగిందంటే అది రాసిన దానిలో సగమే. 40 నుంచి ఒక్కసారిగా 10కి దూకితే ఏదో ఒక సెల్ పోయింది.

ఎస్ఎస్‌డీకి క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రామ్ ఉంది, హెల్త్ శాతం చూపిస్తుంది. కీబోర్డులో ప్రతి కీ నొక్కి చూడండి, పోర్టులన్నింటిలో పెన్‌డ్రైవ్ పెట్టి చూడండి.

15-18 వేలకి వచ్చే 6, 7 తరాల ఐ5 వైపు వెళ్లొద్దు. విండోస్ 11కి ఇంటెల్‌లో 8వ తరం నుంచే అధికారిక మద్దతు. విండోస్ 10కి మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది.

ఎం1 ఎయిర్ సంగతి: బ్యాటరీలో దాన్ని ఈ ధరలో ఏదీ అందుకోలేదు. 49.9 వాట్ అవరే, చిప్ తాగేది అంత తక్కువ. ఫ్యాన్ లేదు, వైఫై 6, 2×2. కానీ 8 జీబీ పెంచలేం, ఒకే బయటి మానిటర్ పట్టుకుంటుంది, మామూలు విండోస్ నేరుగా ఎక్కదు. కాలేజీ ల్యాబ్‌లో విండోస్‌కి మాత్రమే ఉన్న సాఫ్ట్‌వేర్ ఏదైనా అడుగుతారేమో సీనియర్లని కనుక్కోండి. సీఎస్ఈకి చాలావరకు గడిచిపోతుంది, మెకానికల్, సివిల్ వాళ్లకయితే వద్దంటాను.

నా మాట: చెల్లి హాస్టల్లో ఉంటుంది, చెడిపోతే పరుగెత్తేవాళ్లు దగ్గర లేరు. 29 వేలదానికి షాపు ఆర్నెల్ల వారంటీ ఇస్తే ఎక్కువ. మీ బడ్జెట్ 55 దాకా ఉంది కాబట్టి మూడోదే తీసుకోండి. బడ్జెట్ 35 వేలే అయ్యుంటే నాలుగోది అనేవాణ్ణి.

---

బిల్లు_చూడండి

కొనే దగ్గర జాగ్రత్తలు నాలుగు ముక్కల్లో.

పెట్టె మీద పేరు ఒకటే ఉన్నా చివరి అక్షరాలు మారితే లోపల బ్యాటరీ, వైఫై కార్డు, స్క్రీను మారిపోతాయి. ఒకే పేరుతో 42 వాట్ అవర్‌దీ, 50దీ, 60దీ ఉంటాయి. పూర్తి మోడల్ నంబర్ రాసుకుని కంపెనీ సైట్‌లోనే చూడండి, అమ్మే సైట్‌లో రాసింది చాలదు. లెనోవోకి పీఎస్‌రెఫ్ అని విడిగా ఒక సైటే ఉంది, అందులో 1×1, 2×2 దాకా స్పష్టంగా ఉంటుంది. హెచ్‌పీ, ఆసస్ కూడా తమ స్పెక్ పేజీల్లో రాస్తాయి.

స్క్రీను దగ్గర 250 నిట్స్ (వెలుతురు కొలత), 45 శాతం ఎన్‌టీఎస్‌సీ (రంగుల కొలత) అని ఉంటే ఈ ధరలో అది మామూలు. రంగులు వెలిసినట్టుంటాయి, కోడ్‌కి ఇబ్బంది లేదు. 300 నిట్స్ దొరికితే పగటి వెలుతురులో సుఖం. టీఎన్ ప్యానెల్ మాత్రం వద్దు, పక్క నుంచి చూస్తే ఏమీ కనిపించదు.

నో కాస్ట్ ఈఎంఐ అంటే వడ్డీ లేదని కాదు. బ్యాంకు వడ్డీ వేస్తుంది, అమ్మేవాళ్లు ఆ మేరకు ధరలో ముందే తగ్గిస్తారు. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ, ప్రాసెసింగ్ ఫీజు మీ జేబులోంచే. కార్డు డిస్కౌంట్ ఉన్నప్పుడు పూర్తిగా కట్టేసి కొనడమే చౌక, డబ్బు చేతిలో ఉంటే.

ఒక ఏడాది అదనపు వారంటీ కొనేటప్పుడు ప్రమాదవశాత్తు పగిలితే వర్తిస్తుందా అని అడగండి. హాస్టల్లో పోయేవి స్క్రీను, నీళ్లు పడ్డ కీబోర్డు. మామూలు వారంటీలో ఈ రెండూ రావు. బ్యాటరీకి చాలా కంపెనీలు ఒక ఏడాదే ఇస్తాయి, మిగతాదానికి మూడేళ్లున్నా సరే.

సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి చోట కొనేవాళ్లు బేరం ఆడొచ్చు, జీఎస్టీ బిల్లు లేకుండా తగ్గిస్తామంటే మాత్రం ఒప్పుకోవద్దు. వారంటీ తేదీ గురించి పేచీ వస్తే ఆ కాగితమే ఆధారం.

---

కోనసీమ_అన్న

మూడోదే ఖాయం చేశాను. మోడల్ నంబర్ కంపెనీ సైట్‌లో చూశాను: 50 వాట్ అవర్, వైఫై 6 2×2, టైప్-సీ చార్జింగ్ ఉంది. ఆన్‌లైన్‌లో కొంటున్నాను, వారం రోజుల్లో మార్చుకునే వీలుంది. ఆ వారంలో ఏమేం చూడాలి? సెట్టింగుల్లో మొదట ఏం మార్చాలి?

---

వాట్_అవర్

మంచి ఎంపిక. పెట్టె తెరవడం వీడియో తీయండి, సీరియల్ నంబర్ కంపెనీ సైట్‌లో కొట్టి వారంటీ ఎప్పుడు మొదలైందో చూడండి. మీరు కొన్న తేదీ కన్నా వెనకది ఉంటే బిల్లు పంపించి వెంటనే సరిచేయించండి.

పైన చెప్పిన బ్యాటరీ రిపోర్ట్ మొదటి రోజే తీసి ఒక కాపీ దాచుకోండి. కొత్తదానిలో ఫుల్ చార్జ్ అంకె డిజైన్ అంకెకి దగ్గరగా, ఒక్కోసారి కొంచెం ఎక్కువగా కూడా ఉంటుంది. 90 శాతం కన్నా తక్కువ చూపిస్తే చాలాకాలం గోడౌన్‌లో పడున్న పీసు, మార్పించండి. మొదటి రెండు రోజులు అప్‌డేట్లు, ఇండెక్సింగ్ వెనకాల నడుస్తాయి కాబట్టి బ్యాటరీ త్వరగా పోతుంది. గంటల లెక్క మూడో రోజు నుంచి తీయండి.

స్క్రీను పూర్తి నలుపు, పూర్తి తెలుపు పెట్టి చుక్కలు, అంచుల్లో వెలుగు చూడండి.

అన్నిటికన్నా ముఖ్యమైన సెట్టింగు మూత మూసినప్పుడు ఏం చేయాలన్నది. ఇప్పటి ల్యాప్‌టాపులు స్లీప్‌లో పూర్తిగా నిద్రపోవు, నెట్ వైపు చూస్తూనే ఉంటాయి. సంచిలో పెట్టి క్లాసుకి నడిచి వెళ్లేసరికి వేడెక్కి, బ్యాటరీ 10-15 శాతం దిగి ఉండొచ్చు. కంట్రోల్ ప్యానెల్, పవర్ ఆప్షన్స్, మూత మూసినప్పుడు అన్న చోట బ్యాటరీ వరసలో హైబర్నేట్ (తెరిచిన పని డిస్కులో దాచి పూర్తిగా ఆగిపోవడం) పెట్టండి. ఆ మాట జాబితాలో లేకపోతే అడ్మిన్ కమాండ్ ప్రాంప్ట్‌లో పవర్‌సీఎఫ్‌జీ, స్లాష్ హైబర్నేట్, ఆన్ అని కొడితే వస్తుంది. మళ్లీ తెరవడానికి పది ఇరవై సెకన్లు పడుతుంది, బ్యాటరీ మాత్రం పెట్టినంత ఉంటుంది.

చార్జింగ్ పరిమితి 80 శాతం పెట్టే వీలు కంపెనీ యాప్‌లో ఉంటుంది: లెనోవో వాంటేజ్, మైఆసస్ లాంటివి. కాలేజీ రోజుల్లో ఆమెకి పూర్తి చార్జ్ కావాలి, కాబట్టి అప్పుడు ఆపేయండి. సెలవులకి ఇంటికొచ్చి రోజంతా ప్లగ్‌లోనే వాడేటప్పుడు ఆన్ చేయమనండి. నిండుగా ఉన్న బ్యాటరీ వేడిలో ఉంటే త్వరగా అరిగిపోతుంది. పరుపు మీద, దుప్పటి మీద పెట్టి వాడొద్దు, గాలి రంధ్రాలు కిందే ఉంటాయి.

---

రెండు_యాంటెన్నాలు

వైఫైకి ఆ వారంలో ఒక్క పరీక్ష చాలు. రూటర్ ఉన్న గదిలో 5 గిగాహెర్ట్జ్‌కి కలిపి సెట్టింగ్స్‌లో లింక్ స్పీడ్ చూడండి. వైఫై 5 రూటర్ అయితే 866 దగ్గర, వైఫై 6 అయితే 1201 దగ్గర ఉండాలి. 433 లేదా 600 దగ్గర ఆగిపోతే మొదట వేరే రూటర్‌తో చూడండి, ఎందుకంటే రూటరే 1×1 కావచ్చు, ఫోన్ హాట్‌స్పాట్ కూడా ఫోన్‌ని బట్టి ఉంటుంది. అక్కడా అంతే అయితే లోపల ఒక యాంటెన్నా కనెక్టర్ ఊడి ఉంటుంది. మీరు విప్పకుండా మార్పించండి. తర్వాత రెండు గోడల అవతలికి తీసుకెళ్లి ఐదు నిమిషాలు వీడియో కాల్ చేయండి, మూత కోణం మారుస్తూ.

బ్యాటరీ మీద ఉన్నప్పుడు మాత్రమే నెట్ తెగుతుంటే డివైస్ మేనేజర్లో వైఫై కార్డు ప్రాపర్టీస్, పవర్ మేనేజ్‌మెంట్ ట్యాబ్‌లో కరెంటు ఆదా కోసం దీన్ని ఆపొచ్చు అన్న టిక్ తీసేయండి. కొత్త మోడళ్లు కొన్నిటిలో ఆ ట్యాబే కనిపించదు, అప్పుడు కంపెనీ సైట్ నుంచి వైఫై డ్రైవర్ కొత్తది వేయండి.

వైర్‌లెస్ మౌస్ కొంటే దాని డాంగిల్‌ని పెన్‌డ్రైవ్ లేదా బయటి డిస్క్ పెట్టే యూఎస్‌బీ 3 పోర్టు పక్కన పెట్టొద్దు. యూఎస్‌బీ 3 నడిచేటప్పుడు 2.4 గిగాహెర్ట్జ్‌లో రొద పుడుతుంది, మౌస్ తడబడుతుంది. అవతలి వైపు పోర్టులో పెడితే పోతుంది.

ఇంకోటి, ఇంటి దగ్గర కరెంటు పోయినప్పుడు ల్యాప్‌టాప్ నడుస్తుంది గానీ రూటర్ ఆగిపోతుంది. చాలా ఫైబర్ రూటర్లు 12 వోల్టులవే, అడాప్టర్ మీద రాసి ఉంటుంది. ఆ వోల్టు, యాంపియర్ చూసి సరిపోయే మినీ యూపీఎస్ పెట్టుకుంటే సెలవుల్లో ఆన్‌లైన్ పరీక్ష మధ్యలో తెగదు. ఫైబర్ పెట్టె, రూటర్ విడివిడిగా ఉంటే రెండింటికీ కరెంటు అందాలి.